ఓవర్సీరు గారి రివాల్వరుకి వెల కట్టిన సంగతి

తెనాలిలో తుపాకుల షాపులో పనిచేశానని చెబితే ఎదుటివాళ్లు కుర్చీ ముందుకు జరుపుకుంటారు. రౌడీలూ జమీందార్లూ వచ్చిపోయేవాళ్లని వాళ్ల ఊహ. మా గుమ్మం తొక్కినవాళ్లలో ఎక్కువమంది తోటల్లో కోతుల్ని బెదరగొట్టడానికి లైసెన్సు తీసుకున్న రైతులు. వాళ్ల తరవాత బ్యాంకు గార్డులు. ఆ తరవాత, ఇంట్లో పెద్దాయన పోయాక ఆయన ఆయుధాన్ని ఏం చెయ్యాలో తెలియక వచ్చిన కుటుంబాలు. నేను నేర్చుకున్నదంతా ఈ మూడో రకం వాళ్ల దగ్గరే.

ఈ మధ్య ఒక కుర్రాడు, ఇదే పనిలో కుదురుకున్నవాడు, "పాత ఆయుధానికి వెల ఎలా కడతారండీ?" అని అడిగాడు. నాలుగు ముక్కల్లో చెప్పబోయి చెప్పలేకపోయాను. అందుకని రాస్తున్నాను. జీతం ఎప్పుడు పెరిగింది, లైసెన్సు ఎవరి పేరు మీదికి మారింది లాంటివి ఇందులో ఉండవు. వాటితో ఎవరికీ ఉపయోగం లేదు.

ముందు ఖాళీ చెయ్యాలి

మా యజమాని సుబ్బారావు గారు మాటల మనిషి కాదు. ఎవరైనా ఆయుధం బల్ల మీద పెట్టి దాని చరిత్ర మొదలుపెడితే చెయ్యెత్తి ఆపేసేవారు. "ముందు ఖాళీ చేద్దామండి, తరవాత కబుర్లు" అనేవారు. ఎనభైల మొదట్లో నేను పనిలో చేరిన కొత్తలో అది ఛాదస్తమనుకున్నాను.

ఒకసారి వేటపాలెం నుంచి ఒకావిడ వచ్చింది. జీడిపప్పు వ్యాపారస్తుల కోడలు. మామగారి నాటు తుపాకీని పాత చీరలో చుట్టి, పైన కూరగాయలు పేర్చి, కిక్కిరిసిన బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. గొట్టంలోకి కొలతపుల్ల దింపితే అడుగుదాకా వెళ్లలేదు. లోపల మందూ గుండూ దట్టించి ఉన్నాయి. ఎన్నేళ్లనుంచో ఎవరికి తెలుసు? ఆవిడకి సంగతి చెబితే అక్కడే బెంచీ మీద కూలబడింది. మంచినీళ్లిచ్చాం. ఆ రోజునుంచి నాకూ అదే ఛాదస్తం పట్టుకుంది. ఈ పనిలోకి వచ్చేవాళ్లకి నేను ఒక్కటే నేర్పాల్సి వస్తే అదే నేర్పుతాను.

దొరగారు ఇచ్చారట

ఇక గుర్తుపట్టడం. మా ప్రాంతంలో పాత రివాల్వరు తెచ్చిన ప్రతి కుటుంబమూ చెప్పే మాట ఒకటే: "దొరగారు వెళ్లిపోతూ మా తాతకి ఇచ్చారండి." కొన్నిసార్లు అది నిజమే. కానీ దొరగారు ఇచ్చినంత మాత్రాన అది ఇంగ్లండులో తయారైందని కాదు. ఆ రోజుల్లో బెల్జియంలో ఇంగ్లీషు రివాల్వర్లని చూసి అచ్చం అలాగే చేసి చవగ్గా అమ్మేవాళ్లు. ఒడ్డూ పొడుగూ ఒకటే. నునుపూ ఒకటే. పిడికి రెండువైపులా ఉండే చెక్కలు విప్పి చూస్తే, లోపలి ఇనుము మీదో, గుళ్లు పెట్టే చక్రం మీదో, కోడిగుడ్డు ఆకారంలో చిన్న ముద్ర ఉంటుంది. ఆ ముద్ర ఉంటే దాని పుట్టిల్లు బెల్జియం. ఇంకేం వాదన అక్కర్లేదు.

ఈ సంగతి చెప్పినప్పుడు ఏ కుటుంబమూ సంతోషించదు. కొందరు మన మొహం మీదే అబద్ధమంటారు. అననివ్వండి. వాళ్ల తాత మంచివాడే, దొరా మంచివాడే, ముద్ర మాత్రం బెల్జియంది. మూడూ ఒకేసారి నిజం కావచ్చు.

బాపట్ల ప్రసాదుగారు

ఎనభైల చివర్లో అనుకుంటాను, బాపట్లలో గుమాస్తాగా చేసే ప్రసాదుగారు షాపుకి వచ్చారు. నలభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు. వాళ్ల నాన్న రత్నంగారు రేపల్లె వైపు కాలవల మీద ఓవర్సీరుగా చేసి రిటైరై, అంతకు ముందు ఏడాది పోయారు. ఆయన రివాల్వరుని రూలు ప్రకారం స్టేషన్లో అప్పజెప్పి, తరవాత మా షాపులో భద్రానికి పెట్టారు. ఇప్పుడు దాన్ని అమ్మాలి.

"మద్రాసులో పాత ఆయుధాలు కొనే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడటండి. ఇంజనీరు దొర వాడిన ఇంగ్లీషు రివాల్వరని మీ షాపు కాగితం మీద రాసిస్తే బాపట్లలో ఇంటిస్థలం వచ్చేంత ఇస్తాడట" అన్నారు.

"చూడకుండా రాయలేను కదండీ" అన్నాను.

"చూడండి. మా నాన్నగారి పేరు కాలవ లాకుల దగ్గర ఎవర్నడిగినా చెబుతారు. ఒకేడు నాట్లప్పుడు నీళ్లు చాలక, దిగువ ఊళ్లవాళ్లు గడ్డపారలు పట్టుకుని లాకు తలుపులు పగలగొట్టడానికి వచ్చారు. నాన్న ఒక్కరే లాకు మీద నిలబడి ఈ రివాల్వరు బయటికి తీశారు. అంతే, ఒక్కడూ ముందుకి అడుగెయ్యలేదు."

ఆ మాటల్లో గర్వం ఉంది. కానీ నేను లోపల్నుంచి రివాల్వరు తెచ్చి బల్ల మీద పెట్టగానే ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. చేత్తో ముట్టుకోలేదు. అది నా కంటబడింది గానీ అప్పుడేం అనుకోలేదు.

నాలుగు రోజుల తరవాత రమ్మని పంపించాను.

ఇనుము చెప్పింది

తీరిక చూసుకుని విప్పాను. గుళ్లు లేవు, స్టేషన్లోనే తీసేశారు. కుడివైపు చెక్క మీద పుట్టుమచ్చలాంటి నల్లటి ముడి ఒకటి. చెక్కలు విప్పితే కింద కోడిగుడ్డు ముద్ర. బెల్జియం సరుకే. దాంతో ఇంటిస్థలం కథ అయిపోయింది. మంచి సైకిలు ధర వస్తే గొప్ప.

అసలు సంగతి దాని తరవాత కనబడింది. రివాల్వరు వెనక సుత్తిలాంటి భాగం ఉంటుంది. ట్రిగ్గరు నొక్కితే అది పడి, దాని చివరున్న సన్నటి ముక్కు గుండు అడుగున పొడుస్తుంది. అప్పుడే పేలుతుంది. ఈ రివాల్వరు సుత్తికి ముక్కు లేదు. విరిగిందేమో అనుకుని భూతద్దం పెట్టాను. విరిగితే అంచు గరుకుగా ఉంటుంది. ఇది సాఫుగా ఉంది, సన్నటి ఆకురాయి గీతలతో. కమ్మరి ఆకురాయి కాదు, బంగారప్పని చేసేవాళ్లది. మా నాన్నా అదే పని చేసేవాడు కాబట్టి ఆ గీత నాకు తెలుసు. అరగదీసిన చోట కూడా మిగతా ఇనుముతో సమానంగా ముదురు రంగు పట్టింది. అంటే ఇవాళా నిన్నా చేసింది కాదు, పాతికేళ్లనాటిదన్నా కావాలి.

ఓవర్సీరు గారు నడుముకి పెట్టుకుని కాలవ గట్ల మీద తిరిగిన ఆయుధం పేలదు. ఎవరో కావాలని పేలకుండా చేశారు.

ప్రసాదుగారు వచ్చినప్పుడు ముద్ర సంగతి చెప్పాను. ముక్కు మాట ఎత్తకుండా, ఇంకా చూడాల్సింది ఉందన్నాను.

"మీరొక్క ముక్క రాస్తే మీ సొమ్మేం పోతుందండీ?" అన్నారు కోపంగా.

"కొన్నాయన చెక్కలు విప్పి చూసిన రోజున పోతుందండి."

గొడుగు తీసుకుని, వస్తానని కూడా అనకుండా వెళ్లిపోయారు. నాకాయన మీద కోపం రాలేదు. ఆయనకి ఇద్దరు ఆడపిల్లలు, అద్దె ఇల్లు. చేతికందిందనుకున్నది జారిపోతే ఎవరికైనా మండుతుంది.

రేపల్లె నుంచి మరియమ్మగారు

ఆ వారంలోనే ఒక పెద్దావిడ రేపల్లె బండి దిగి షాపు వెతుక్కుంటూ వచ్చారు. తెల్లచీర, చేతిలో గుడ్డసంచి. రత్నంగారి భార్య మరియమ్మగారు. డెబ్భై దాటి ఉంటాయి.

"బాబూ, మా ఆయన రివాల్వరు చూసింది నువ్వేనా?"

"నేనేనండి. కూచోండమ్మా."

ఆవిడ కూచోలేదు. "మా అబ్బాయితో ఏం చెప్పావు?"

"బెల్జియందని చెప్పానండి."

"అంతేనా? ఇంకేం చెప్పలేదా?"

నాకు అర్థమైంది. "ముక్కు సంగతి ఇంకా చెప్పలేదమ్మా" అన్నాను.

అప్పుడు కూచున్నారు. సంచి పిడులు మెలిపెట్టారు. షాపులో ఇంకెవరూ లేరు. నేను అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టారు.

ప్రసాదుకి పదిహేడేళ్లప్పుడు జరిగిందది. వాడి స్నేహితుడి వాళ్ల పొలం ఎండిపోతోంది. వీడు ఇంట్లోంచి లాకు తాళంచెవి తీసుకెళ్లి, వాళ్ల వంతు కాని నీళ్లు వాళ్లకి వదిలేశాడు. తెల్లారి రత్నంగారికి తెలిసింది. ఓవర్సీరు కొడుకే నీళ్లు దొంగిలించాడని ఊరంతా అనుకుంటుంటే ఆయనకి ఒళ్లు తెలియలేదు. ఇంటికొచ్చి, గోడకి తగిలించిన రివాల్వరు తీసి, వసారాలో నిలబడ్డ కొడుక్కి గురిపెట్టారు.

"అప్పుడు గుళ్లున్నాయి బాబూ. నేను మధ్యలోకి వెళ్లి నిలబడ్డాను. కాసేపటికి ఆయన చెయ్యి దించి, పెరట్లోకి వెళ్లి కూచున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. కోపం వస్తే మనిషి మనిషి కాదు, అంతే. కానీ ఆ చెయ్యి ఇంకోసారి దిగుతుందని నాకెవరు హామీ?"

తరవాత ఆదివారం ఆయన గుడికి వెళ్లినప్పుడు, ఒంట్లో బాగాలేదని తను ఆగిపోయి, రివాల్వరుని బియ్యం గంపలో పెట్టుకుని వీధిచివర బంగారప్పని చేసే ఆచారి దగ్గరికి వెళ్లారు. గుళ్లు ఎలా తియ్యాలో భర్త చేస్తుంటే చూసి నేర్చుకున్నారట. "ఇది పేలకూడదు, చూస్తే తెలియకూడదు" అన్నారు. ఆచారి పేలకుండా చేసిచ్చాడు. ఎవరికీ చెప్పలేదు, పోయేదాకా.

"బాగానే చేశాననుకున్నాను. మరుసటేడు ఆ లాకుల గొడవ వచ్చింది. అంతమంది గడ్డపారలతో వస్తే ఈయన ఆ పేలని దాన్ని పట్టుకుని ఎదురెళ్లాడని సాయంత్రం ఎవరో వచ్చి చెప్పారు. మన ఓవర్సీరు సింహమండీ అంటున్నారు. కళ్లు తిరిగి పడిపోయాను. ఆయన్ని చేతులారా చంపబోయాను కదా! ఆ తరవాత ఆయన గట్టు మీదికి వెళ్లినప్పుడల్లా ప్రార్థనే. రిటైరయ్యేదాకా ఒక్కరోజు నెమ్మదిగా లేను. చెప్పేద్దామంటే భయం. మళ్లీ బాగుచేయించి తెస్తాడేమోనని."

ఆవిడ ఏడవలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మా అబ్బాయికి చెప్పకు బాబూ. వాళ్ల నాన్న లాకు మీద నిలబడ్డాడన్నది ఒక్కటే వాడు గర్వంగా చెప్పుకునేది."

నేను మాటివ్వలేదు. కాగితం మీద ఉన్నదున్నట్టు రాయకపోతే, రేపు కొన్నవాడు దాన్ని పేల్చబోయి షాపు మీదికి వస్తాడు. అదే చెప్పాను. ఆవిడ లేచి, "నీ ధర్మం నీది నాయనా" అని వెళ్లిపోయారు.

సుబ్బారావు గారికి గుర్తున్నది

అప్పటికి మా యజమానికి మోకాళ్లు పనిచెయ్యక ఇంటిపట్టునే ఉంటున్నారు. చిక్కు వచ్చినప్పుడు వెళ్లి అడగడం నాకు అలవాటు. పేర్లు చెప్పకుండా, కాగితంలో ఎంతవరకు రాయాలని అడిగాను. బెల్జియం రివాల్వరు, సుత్తికి ముక్కు అరగదీసి ఉంది, అనేసరికి ఆయన పడక్కుర్చీలోంచి లేచి కూచున్నారు.

"కుడిచెక్క మీద నల్లముడి ఉంటుందా?"

"ఉందండి. మీకెలా తెలుసు?"

"రేపల్లె ఓవర్సీరు. ఆయన తెచ్చాడయ్యా నా దగ్గరికి, ఎప్పుడో. గట్టు మీద పిచ్చికుక్క మీదికి పేల్చబోతే టక్కుమని ఊరుకుందని పట్టుకొచ్చాడు. చూసి, ఎవరో ముక్కు అరగదీశారండి, కొత్త సుత్తి వేసిస్తాను, వారంలో రండి అన్నాను. ఆయన దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు. చివరికి, వద్దులెండి, ఇలాగే ఉండనివ్వండి అన్నాడు."

"కారణం అడగలేదా మీరు?"

"అడిగాను. కాలవ గట్ల మీద తిరిగేవారు, ఉత్త ఇనుము పెట్టుకుని ఎలాగండీ అన్నాను. ఏమన్నాడో ఇప్పటికీ గుర్తుంది. 'ఇది మా ఇంట్లోవాళ్లు నన్ను చూసి భయపడి చేసిన పనండి. బాగుచేయించుకుని వెళితే ఆ భయాన్ని మళ్లీ ఇంటికి మోసుకెళ్లినట్టే' అన్నాడు. ఇన్నేళ్లలో బాగుచెయ్యొద్దన్న మనిషిని ఆయన్నొక్కణ్ణే చూశాను. తరవాత ఏడాది లాకుల గొడవ గురించి తెనాలిలో చెప్పుకుంటుంటే, ఈయన ఆ ఉత్త పిడితోనే నిలబడ్డాడా అనుకున్నాను."

"మరుసటేడా? ముందే మీ దగ్గరికి వచ్చాడా?"

"ముందే. బాగా గుర్తు."

ఈ పనిలో ఒక నియమం ఉంది. ఒక ఖాతాదారు చెప్పింది ఇంకొకళ్లకి చెప్పకూడదు. నేను దాన్ని ఎప్పుడూ తప్పలేదు. ఓవర్సీరు గారి భార్య వచ్చి వెళ్లారని మాత్రం చెప్పి, ఆ మాటే సుబ్బారావు గారితో అంటే, "ఆయన పోయాడు. ఆవిడ బతికుంది. ఇంకేం ఆలోచిస్తావు? రేపే బండెక్కు" అన్నారు.

రేపల్లెలో

మర్నాడు వెళ్లేసరికి ప్రసాదుగారు కూడా అక్కడే ఉన్నారు. తల్లిని చూడ్డానికి బాపట్ల నుంచి వచ్చారట. నన్ను చూసి మొహం ముడుచుకున్నారు గానీ కుర్చీ వేశారు. నేను ఇబ్బందిపడి, మళ్లీ వస్తానమ్మా అని లేవబోయాను. మరియమ్మగారు నన్ను ఒక్కసారి చూసి, "కూచో బాబూ. ఏదో చెప్పడానికే వచ్చావు. వాడుండగానే చెప్పు" అన్నారు. ఆ వారం రోజుల్లో ఆవిడ ఏదో తేల్చుకున్నట్టున్నారు. కొడుకు వైపు తిరిగి, వసారాలో గురిపెట్టిన రోజునుంచి ఆచారి దాకా, ఆచారి నుంచి లాకుల దాకా, తనే చెప్పేశారు. 

ఆవిడ ఆగాక, సుబ్బారావు గారు చెప్పింది ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పాను.

ఆవిడకి ఊరట కలుగుతుందనుకున్నాను. కోపం వచ్చింది.

"తెలుసా? ఆయనకి తెలుసా?" అని లేచి నిలబడ్డారు. "పాతికేళ్లు పక్కనుండి ఒక్కసారన్నా చెప్పొద్దా? ఆయన తిరిగొచ్చేదాకా నేను గుమ్మంలో నిలబడి చచ్చిపోతుంటే, చూస్తూ ఊరుకున్నాడా? ఎందుకే అట్లా నిలబడతావు, పిచ్చిదానా అనేవాడు. నవ్వేవాడు కూడాను! తెలుసని ఒక్క మాటంటే కనీసం నిద్రన్నా పోయేదాన్ని కదయ్యా!"

గోడ మీద రత్నంగారి ఫొటో ఉంది. దాని వైపు చూసి ఇంకా ఏదో అనబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అప్పుడు ఏడ్చారు.

ప్రసాదుగారు తల్లి పక్కకి వచ్చి కూచున్నారు. అన్నారు: "ఆ ఏడాది తరవాత నాన్న నన్ను మళ్లీ ఎప్పుడూ కొట్టలేదమ్మా. గట్టిగా కూడా అరవలేదు. నేను పెద్దవాడినయ్యాను కదా, అందుకని వదిలేశాడనుకున్నాను."

ఆవిడ ఆయన చెయ్యి పట్టుకున్నారు. నేను వీధిలోకి వచ్చి నిలబడ్డాను. కాసేపటికి లోపల్నుంచి, "బాబూ, భోంచేసి వెళుదువుగాని రా" అని పిలుపు వచ్చింది. చేపల పులుసు. ముగ్గురం తిన్నాం. 

కాగితం

రాసిచ్చిన కాగితంలో నాలుగే ముక్కలున్నాయి. బెల్జియం తయారీ. సుత్తి ముక్కు చాలాకాలం కిందట ఆకురాయితో తొలగించబడింది. పేలదు. ధర, పాత ఇనుముకి కాస్త పైన. మద్రాసు పెద్దమనిషికి అది పంపలేదని తరవాత తెలిసింది.

మీరు ఈ పనిలోకి వస్తే ఇదే చెబుతాను. ధర రాసేటప్పుడు చరిత్రని కలపొద్దు. కానీ చెప్పేవాళ్లని చెప్పనివ్వండి, వినండి. ఇనుము పుట్టిల్లు ఎక్కడో చెబుతుంది. దాన్నెవరు ఎందుకు ఏం చేశారో మనిషే చెప్పాలి. ఆ రెండో మాట కాగితంలోకి రాదు. రాకపోయినా విన్నవాడికి పని బాగా వస్తుంది.

రెండు నెలల తరవాత ప్రసాదుగారు ఒక్కరే షాపుకి వచ్చారు. ఆయుధాన్ని ప్రభుత్వానికి అప్పగించేస్తామని తల్లీ కొడుకూ అనుకున్నారట. సంతకాలు అయ్యాయి. లేవబోతూ ఆగారు.

"ఒక్కసారి చేతిలోకి తీసుకోవచ్చాండీ?"

ఖాళీగా ఉందని చక్రం తెరిచి నేను చూసి, ఆయనకీ చూపించి ఇచ్చాను. ఆయన దాన్ని రెండు చేతుల్తో పట్టుకున్నారు, బరువు అనుకున్నదానికంటే ఎక్కువన్నట్టు. కాసేపు గొట్టం వైపు చూశారు. తరవాత ఎవరూ లేని గోడమూలకి, కిందికి వంచి, ట్రిగ్గరు నొక్కారు.

టక్కుమంది.

"ఇంతేనాండీ?" అన్నారు.

"ఇంతేనండి."

రివాల్వరుని బల్ల మీద పెట్టి, రుమాలుతో చేతులు తుడుచుకుని, గొడుగు తీసుకున్నారు. బాపట్ల ప్యాసింజరుకి వేళవుతోందని, ఈసారి మటుకు చెప్పి వెళ్లారు.